అంతర్జాలానికి కరణం: జాన్ పోస్టెల్

మన పెద్దల కాలంలో ఊరి భూముల లెక్కంతా ఒక పుస్తకంలో ఉండేది. ఆ పుస్తకం కరణం గారి చేతిలో ఉండేది. దానిని అడంగల్ అన్నా, కన్నడ సీమలో పహణి అన్నా, మహారాష్ట్రలో సాత్‌బారా అన్నా, ఏ సర్వే నంబరు ఎవరిదో తేల్చి చెప్పేది ఆ పద్దే. కరణం ధర్మబుద్ధి కలవాడైతే ఊరు నిశ్చింతగా నిద్రించేది. కాకపోతే రెండు తరాల వారు కచేరీల చుట్టూ తిరిగేవారు. తమిళనాట 1980లోను, ఆంధ్రప్రదేశ్‌లో 1984లోను ఆ ఉద్యోగాలు రద్దయ్యాయి. అందరికీ చెందిన పద్దు ఒక్కరి చేతిలో ఉండవచ్చునా అన్న వివాదం మాత్రం మన ఊళ్ళతో ముగియలేదు.

ఇరవయ్యో శతాబ్దపు చివరి మూడు దశాబ్దాలలో ప్రపంచమంతటికీ చెందిన ఒక కొత్త పద్దు పుట్టింది. అది ఇంటర్నెట్ పద్దు. దానిని రాసినవారు అమెరికా దేశీయుడైన జాన్ పోస్టెల్. ఆయనను ఎవరూ ఎన్నుకోలేదు. ఆ పదవిని సృష్టించిన చట్టమూ లేదు. ఒక విశ్వవిద్యాలయానికి చెందిన పరిశోధనా సంస్థలో ఆయన ఉద్యోగి. అయినా కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి కావలసిన సంఖ్యలు, పేర్లు ఎవరికి చెందాలో ఆయన రాసిందే లెక్క. ఆ లెక్కను తన చేతి నుంచి పదిమంది కూర్చునే పీట మీదికి చేర్చడానికి చివరి రెండు మూడేళ్ళలో ఆయన పడిన శ్రమ, ఆ దారిలో వేసిన ఒక తప్పటడుగు నేటి తరం తెలుసుకోదగినవి.

ఇంతకూ ఆ పద్దులో ఏముంటుంది? ఇంటర్నెట్‌లో కలిసిన ప్రతి యంత్రానికీ ఒక చిరునామా సంఖ్య ఉండాలి. ఆ సంఖ్య మరొక యంత్రానికి ఉండరాదు. సంఖ్యలు మనుషులకు జ్ఞాపకముండవు గనుక వాటికి పేర్లు పెట్టారు. పరీక్షా ఫలితాలు చూసుకునే విద్యార్థి పేరును మాత్రమే టైపు చేస్తాడు. తెర వెనుక ఆ పేరుకు తగిన సంఖ్యను వెదికి ఇచ్చే ఏర్పాటు వేరే ఉంది. పేర్లన్నిటికీ మూలమైన పట్టిక ఒకటి ఉంటుంది. డాట్ కామ్ ఎవరి అధీనంలో ఉంది, డాట్ ఇన్ ఎవరి అధీనంలో ఉంది అన్నది ఆ మూల పట్టికే చెబుతుంది. అది చిన్న పట్టికే. కాని అందులో ఒక వరుస కొట్టివేస్తే ఒక దేశపు పేర్లన్నీ దొరకకుండా పోగలవు.

విద్యార్థి దశ

జొనాథన్ బ్రూస్ పోస్టెల్ 1943 ఆగస్టు 6న కాలిఫోర్నియా రాష్ట్రంలోని ఆల్టడీనా పట్టణంలో జన్మించారు. లాస్ ఏంజెలిస్ నగరంలోని వాన్ నైస్ ఉన్నత పాఠశాలలో చదివారు. తరువాతి కాలంలో ఇంటర్నెట్ నిర్మాతలుగా పేరు పొందిన స్టీవ్ క్రాకర్, వింట్ సెర్ఫ్ కూడా ఆ బడి విద్యార్థులే. ఒకే బడి నుంచి ముగ్గురు రావడం ఉపాధ్యాయులకు సంతోషం కలిగించే విషయం. లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పోస్టెల్ 1966లో పట్టభద్రులయ్యారు. 1968లో స్నాతకోత్తర పట్టం, 1974లో కంప్యూటర్ శాస్త్రంలో డాక్టరేట్ పొందారు.

ఆయన పరిశోధక విద్యార్థిగా ఉన్న రోజులలో అమెరికా రక్షణ శాఖకు చెందిన ఆర్పా అనే సంస్థ, దూర దూరాలలో ఉన్న కంప్యూటర్లను కలిపే ప్రయత్నానికి ధనసహాయం చేసింది. ఆ జాలానికి ఆర్పానెట్ అని పేరు. ఆచార్య లియొనార్డ్ క్లైన్‌రాక్ నడిపిన ప్రయోగశాలలో పోస్టెల్ పనిచేశారు. 1969 అక్టోబరు 29న ఆ ప్రయోగశాల నుంచి స్టాన్‌ఫర్డ్ పరిశోధనా సంస్థకు తొలి సందేశం పంపారు. లాగిన్ అన్న ఆంగ్ల పదాన్ని పంపబోయారు. రెండక్షరాలు చేరేసరికి అవతలి యంత్రం ఆగిపోయింది. తరువాత కొంతసేపటికి మళ్ళీ ప్రయత్నించి సాధించారు.

యంత్రాలు కలిశాయి సరే, అవి ఏ భాషలో మాట్లాడుకోవాలి? ఈ నియమాలు రాసే బాధ్యత విచిత్రంగా విద్యార్థుల మీద పడింది. పెద్దలెవరో వచ్చి రాస్తారని వారు ఎదురు చూశారు. ఎవరూ రాలేదు. 1969 ఏప్రిల్ 7న స్టీవ్ క్రాకర్ మొదటి పత్రం రాశారు. ఇంట్లో తోటివారి నిద్ర చెడగొట్టకూడదని రాత్రివేళ స్నానాల గదిలో కూర్చుని రాశారట. తామే నియమాలు శాసిస్తున్నామని ఎవరైనా అనుకుంటారేమో అన్న సంకోచంతో ఆ పత్రానికి ఆయన అభిప్రాయాలను కోరే విన్నపం అన్న అర్థం వచ్చే పేరు పెట్టారు. దానినే ఆంగ్ల పొడి అక్షరాలలో ఆర్.ఎఫ్.సి. అంటారు. నేటికీ ఇంటర్నెట్ నియమాలన్నీ ఆ వినయపూర్వకమైన పేరుతోనే వెలువడుతున్నాయి. వాటిని చదవడానికి రుసుము లేదు. వాటి మీద అభిప్రాయం చెప్పడానికి హోదా అక్కరలేదు. తరువాత వచ్చిన సమష్టి నిర్వహణకు బీజం ఇక్కడే పడిందని నా అభిప్రాయం.

ఆ పత్రాలకు వరుస సంఖ్యలు ఇచ్చి, భాష సరిదిద్ది, భద్రపరచే పని పోస్టెల్ చేతికి వచ్చింది. ఆ సంపాదకత్వాన్ని ఆయన దాదాపు మూడు దశాబ్దాలు, మరణించే వరకు విడువలేదు. నచ్చని సిద్ధాంతమైనా సరే, సరిగా రాస్తే ప్రకటించేవారు. తోటి ఇంజనీర్లు సరదాకు రాసిన హాస్య పత్రాలను కూడా ఏప్రిల్ ఒకటో తేదీన అదే వరుసలో చేర్చేవారు.

సంఖ్యల పద్దు

1972 మే నెలలో పోస్టెల్ ఒక చిన్న పత్రం రాశారు. వేర్వేరు సేవలకు ఒకే సంఖ్యను ఇద్దరు వాడితే గందరగోళమవుతుంది గనుక ఎవరో ఒకరు పంపిణీ చేసే అధికారి ఉండాలని ప్రతిపాదించి, ఆ ఒకరు తానే కావచ్చునా అని ప్రశ్నార్థకం చేర్చారు. ఎవరూ అడ్డు చెప్పలేదు. ఆ క్షణం నుంచి ఆయన కరణం అయ్యారు. పద్దుకు తరువాత ఒక ఆంగ్ల నామధేయం కూడా వచ్చింది. పొడి అక్షరాలలో దానిని ఐయానా అన్నారు. పేరు వింటే పెద్ద కార్యాలయం కళ్ళ ముందు కదులుతుంది. నిజానికి ఐయానా అంటే పోస్టెల్, ఆయనకు కుడిభుజమైన జాయిస్ రేనాల్డ్స్, మరి కొద్దిమంది సహాయకులు.

కొన్నాళ్ళు స్టాన్‌ఫర్డ్ పరిశోధనా సంస్థలోను, ఇతర చోట్లను పనిచేసిన పిదప 1977 మార్చిలో ఆయన దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన ఇన్ఫర్మేషన్ సైన్సెస్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. ఇక కదలలేదు. పొడుగాటి గడ్డం, కాళ్ళకు సాధారణమైన చెప్పులు, భుజాన సంచి, తీరిక దొరికితే సియెరా నెవాడా కొండలలో కాలినడక: ఇదీ ఆయన ఆకారం, అలవాటు.

ఆయనను కేవలం పద్దు రాసే గుమాస్తా అనుకోవడం పొరపాటు. 1977 ఆగస్టులో, అప్పటి రూపకల్పనలో ఒకే నియమావళి రెండు వేర్వేరు పనులను నెత్తిన వేసుకుంటున్నదని ఆయన విమర్శించారు. ఆ విమర్శ ఫలితంగా సందేశపు పొట్లాన్ని గమ్యానికి చేర్చే పని ఒకటి, పొట్లాలన్నీ సక్రమంగా అందాయో లేదో చూసే పని మరొకటి అని విడదీశారు. మనం నేడు టీసీపీ, ఐపీ అనే జంట పేర్లు ఆ విభజన వల్ల వచ్చినవే. 1981 సెప్టెంబరులో వెలువడిన ఆ రెండు నియమావళులకూ సంపాదకులు పోస్టెల్. 1982లో ఈ-మెయిల్ బట్వాడా నియమాలు రాసినవారూ ఆయనే. 1983 జనవరి 1న ఆర్పానెట్ అంతా కొత్త నియమావళికి మారింది. యంత్రాల ప్రవర్తనకు ఆయన ఒక సూత్రం చెప్పారు. తాను పంపేటప్పుడు నియమాన్ని కచ్చితంగా పాటించాలి, అవతలివారు పంపినదానిలో చిన్న చిన్న లోపాలుంటే సర్దుకుని అర్థం చేసుకోవాలి అన్నది దాని సారాంశం. రెండు మూడు భాషలు కలగలిసిన సంతలో బేరమాడే మన సరిహద్దు గ్రామస్థులకు ఈ సూత్రాన్ని ప్రత్యేకంగా బోధించనక్కరలేదు.

మొదట్లో యంత్రాల పేర్లన్నీ స్టాన్‌ఫర్డ్ సంస్థలో ఎలిజబెత్ ఫైన్లర్ బృందం ఒకే జాబితాగా నడిపేది. యంత్రాలు పెరిగేకొద్దీ ఆ జాబితా మోయలేని భారమైంది. పోస్టెల్ తన సహోద్యోగి పాల్ మొకపెట్రిస్‌కు ఈ సమస్యను అప్పగించగా, ఆయన 1983లో కొత్త పేర్ల వ్యవస్థను రూపొందించారు. ఒకే జాబితా స్థానంలో కొమ్మలు, రెమ్మలుగా విడిపోయే వృక్షం వచ్చింది. ఏ కొమ్మ బాధ్యత ఆ కొమ్మవారిదే.

దేశమేది, కానిదేది

1984 అక్టోబరులో పోస్టెల్, రేనాల్డ్స్ కలిసి రాసిన పత్రం పై కొమ్మలను నిర్ణయించింది. వాణిజ్యానికి కామ్, విద్యకు ఎడ్యు, సంస్థలకు ఆర్గ్ మొదలైనవాటితో పాటు ప్రతి దేశానికీ రెండక్షరాల గుర్తు. ఇక్కడే ఆయన వివేకం కనిపిస్తుంది. ప్రపంచంలో ఏది దేశం, ఏది కాదు అన్న ప్రశ్నకు తాను జవాబు చెప్పడం మొదలుపెడితే ప్రతి సరిహద్దు తగాదా తన బల్ల మీదికి వస్తుందని ఆయనకు తెలుసు. అందుచేత అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ అప్పటికే తయారు చేసి ఉంచిన దేశాల గుర్తుల జాబితాను స్వీకరించారు. ఆ జాబితాలో ఉంటే గుర్తు దొరుకుతుంది, లేకపోతే లేదు. నిర్ణయం తనది కాదు.

1994 మార్చిలో రాసిన మరొక పత్రంలో దీనిని ఇంకా స్పష్టం చేశారు. దేశపు గుర్తును నడిపేవారు దానికి యజమానులు కారు, ధర్మకర్తలు మాత్రమే. ఆ దేశ ప్రజలకు, ప్రపంచ ఇంటర్నెట్ సమాజానికి సేవ చేయడం వారి విధి. అందరినీ సమానంగా చూడాలి. ఆ దేశంలో సంబంధితులు తమలో తాము కలహించుకుంటే ముందు వారే కూర్చుని రాజీపడాలని ఆయన పట్టు. ఇరుపక్షాల వారు ఒప్పందంతో వచ్చేవరకు ఆయన పద్దు మార్చేవారు కారు.

రాష్ట్రాల పునర్విభజన నాడు ఏ ఊరు ఏ రాష్ట్రంలోకి వెళ్ళాలో దూరాన కూర్చున్నవారు గీత గీస్తే, ఆ గీతకు ఇటూ అటూ చీలిన బంధువర్గాలు మన పాఠకులలో ఎందరో ఉన్నారు. గీత గీసే అధికారం తన చేతికి వచ్చినా వద్దనుకున్న మనిషి విలువ వారికి తెలుస్తుంది. ఆయన మరణానంతరం కూడా ఈ నియమం నిలిచింది. పాలస్తీనాకు ప్రమాణాల సంస్థ జాబితాలో 1999లో గుర్తు లభించగా, దానిని ఆధారంగా చేసుకుని 2000లో ఇంటర్నెట్ మూల పట్టికలో చోటిచ్చారు. సార్వభౌమత్వం గురించి ఎవరూ తీర్పు చెప్పనవసరం లేకపోయింది.

భారతదేశానికి చెందిన డాట్ ఇన్ 1989లో ఆ పట్టికలో చేరింది. దానిని మొదట ముంబైలోని జాతీయ సాఫ్ట్‌వేర్ సాంకేతిక కేంద్రం నడిపింది. 2005లో ఆ బాధ్యత నిక్సీ అనే సంస్థకు మారింది.

నియమాలను తయారు చేసే ఇంజనీర్ల సభకు ఐ.ఇ.టి.ఎఫ్. అని పేరు. 1986లో మొదలైన ఆ సభలో సభ్యత్వం లేదు, ఓటు లేదు. వచ్చిన ప్రతివాడూ తన పేరుతో మాట్లాడాలి, కంపెనీ పేరుతో కాదు. ఏకాభిప్రాయం ఎటు మొగ్గుతున్నదో తెలుసుకోవడానికి చేతులెత్తమనరు, అందరినీ నోరు మూసి హుంకరించమంటారు. ఏ హుంకారం గట్టిగా ఉందో అధ్యక్షుడు గ్రహిస్తాడు. లెక్కపెట్టడానికి వీలు లేదు గనుక గుంపును తోలుకొచ్చి గెలవడం కష్టం. వినడానికి నవ్వు పుట్టించినా ఆ పద్ధతి నేటికీ నడుస్తున్నది. 1992లో జపాన్‌లోని కోబే నగరంలో ఇంటర్నెట్ ఆర్కిటెక్చర్ బోర్డు అనే పెద్దల సంఘం సభను అడగకుండా ఒక ముఖ్య నిర్ణయం వైపు మొగ్గినప్పుడు ఇంజనీర్లు తిరగబడ్డారు. ఆ సంఘం స్థాపక సభ్యులలో పోస్టెల్ ఒకరు. ఆ వివాదం తరువాత ప్రమాణాల మీద తుది నిర్ణయాధికారం పెద్దల చేతి నుంచి సభ చేతికి వెళ్ళింది.

డబ్బు ప్రవేశించింది

1993 నుంచి డాట్ కామ్ మొదలైన పేర్ల నమోదు పని అమెరికా జాతీయ విజ్ఞాన సంస్థ ఒప్పందం మీద నెట్‌వర్క్ సొల్యూషన్స్ అనే కంపెనీ చేస్తూ వచ్చింది. 1995 సెప్టెంబరులో ఆ కంపెనీకి రుసుము వసూలు చేసే అనుమతి లభించింది. రెండేళ్ళకు వంద డాలర్లు. అంతవరకు ఉచితంగా దొరికిన పేరు ఒక్కసారిగా సరుకైంది. పేర్ల కోసం పరుగులు, ప్రఖ్యాత కంపెనీల పేర్లను ముందుగా పట్టి అమ్ముకునే వ్యాపారం, న్యాయస్థానాలలో దావాలు మొదలయ్యాయి. ఒకే కంపెనీ ప్రపంచమంతటికీ పేర్లు అమ్మడం పోస్టెల్‌కు నచ్చలేదు. కొత్త కొమ్మలను చేర్చి పోటీ తేవాలని 1996లో ప్రతిపాదించారు.

ఈసారి 1972 నాటి మౌనం లేదు. ట్రేడ్‌మార్క్ యజమానులు, టెలిఫోన్ సంస్థలు, ఐరోపా ప్రభుత్వాలు, తమకు తామే కొత్త పేర్లు అమ్ముకుంటున్న చిన్న వ్యాపారులు, వాక్‌స్వాతంత్ర్య వాదులు అందరూ తమ మాట వినాలన్నారు. పోస్టెల్ మొండిపట్టు పట్టలేదు. 1996 చివర ఐయానాతో పాటు ఇంటర్నెట్ సొసైటీ, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సమాఖ్య, ప్రపంచ మేధోసంపత్తి సంస్థ, ట్రేడ్‌మార్క్ సంఘం మొదలైనవారి ప్రతినిధులతో ఒక కమిటీ ఏర్పడింది. వారు ఏడు కొత్త కొమ్మలను సూచించారు. 1997 మే 1న జెనీవాలో ఒప్పందపత్రం మీద సంతకాలు కూడా ముగిశాయి. అంతలో అమెరికా ప్రభుత్వం అడ్డుపడింది. ఇంతకాలం ఖర్చు భరించినది తాము గనుక తమ ప్రమేయం లేకుండా పద్దు జెనీవాకు తరలడం కుదరదని ఆ ప్రభుత్వ వైఖరి. అధ్యక్షుడు క్లింటన్ సలహాదారు ఐరా మాగజైనర్ ఈ వ్యవహారాన్ని చేపట్టారు. పోస్టెల్ పద్దు రాసినా, మూల పట్టికలో మార్పు చేసే యంత్రం మాత్రం నెట్‌వర్క్ సొల్యూషన్స్ వద్దనే ఉంది.

1998 జనవరి 28

మూల పట్టిక నకళ్ళు ఉంచిన సర్వర్లు ఆనాటికి మొత్తం 13. నెట్‌వర్క్ సొల్యూషన్స్ వద్ద ఉన్న మొదటి యంత్రం నుంచి మిగిలిన 12 నకలు తీసుకునేవి. 1998 జనవరి 28న పోస్టెల్ ఆ 12లో 8 యంత్రాల నిర్వాహకులకు ఈ-మెయిల్ రాశారు. ఇకపై ఆ కంపెనీ యంత్రం నుంచి కాక తన ఐయానా యంత్రం నుంచి నకలు తీసుకోవలసిందిగా కోరారు. వారంతా ఆయన మాట మీద గౌరవంతో అలాగే చేశారు. మిగిలిన నాలుగు పాత యంత్రాన్నే అనుసరించాయి.

ఆ రోజు లోకంలో ఎవరికీ ఏ తేడా తెలియలేదు. రెండు యంత్రాలలోను ఒకే పట్టిక ఉంది గనుక ఉత్తరాలు చేరాయి, పేర్లు దొరికాయి. కాని ఊరికి రెండు అడంగళ్ళు పుట్టాయి. ఒకదానిలో ఒక్క పద్దు మారితే ప్రపంచపు ఇంటర్నెట్ రెండుగా చీలిపోయే పరిస్థితి వచ్చింది. వార్త తెలిసిన మాగజైనర్ తీవ్రంగా అభ్యంతరం తెలిపారు. పరీక్షగా చేశామని పోస్టెల్ సమాధానమిచ్చి, కొద్ది రోజులలో అంతా పూర్వస్థితికి తెచ్చారు.

ఇది నిజంగా పరీక్షేనా, హెచ్చరికా అన్న విషయం మీద నేటికీ రెండు వాదాలున్నాయి. ఆయన అభిమానులు దీనిని సాహసంగా కీర్తిస్తారు. ఈ రచయితకు మాత్రం ఆ పని సమ్మతం కాదు. ఇరుపక్షాలు ఒప్పుకుంటే తప్ప పద్దు మార్చనని తానే నియమం పెట్టుకున్న మనిషి, ఆ ఒక్కనాడు పదిమందిని అడగకుండా పద్దును కదిలించారు. ఉద్దేశం మంచిదే కావచ్చు. అయితే ఇంత మంచి మనిషి ఒక్క ఉత్తరంతో చేయగలిగిన పని, రేపు ఆ కుర్చీలో కూర్చున్న చెడ్డ మనిషి కూడా చేయగలడు గదా. ఆ ఎనిమిది మంది నిర్వాహకులు ఆయనను ప్రశ్నించకపోవడం నన్ను మరింత కలవరపెడుతుంది. పద్దుకు ఒక వ్యక్తి మీది నమ్మకం చాలదని ఎవరి వాదనలకన్నా గట్టిగా నిరూపించినది ఆ ఉత్తరమే.

రెండు రోజులకు, జనవరి 30న, అమెరికా ప్రభుత్వం తన ముసాయిదాను ప్రకటించింది. దాని మీద వచ్చిన విమర్శలను చూసి జూన్ 5న మరొక విధాన పత్రం వెలువరించింది. పేర్లు, సంఖ్యల పద్దును నడపడానికి ప్రభుత్వేతరమైన, లాభాపేక్ష లేని ఒక కొత్త సంస్థను సంబంధితులందరూ కలిసి ఏర్పాటు చేసుకుంటే గుర్తిస్తామన్నది దాని సారం. ఆ వేసవిలో అమెరికాలోని రెస్టన్, స్విట్జర్లాండ్‌లోని జెనీవా, ఆసియాలో సింగపూర్, దక్షిణ అమెరికాలో బ్యూనస్ ఐరిస్ నగరాలలో బహిరంగ సభలు జరిగాయి. ఇంజనీర్లు, వ్యాపారులు, న్యాయవాదులు, ప్రభుత్వ ప్రతినిధులు, సాధారణ వాడుకరులు ఒకే గదిలో కూర్చుని వాదించుకున్నారు.

ఆ సభలన్నీ రామరాజ్యంలా సాగాయని చెప్పలేము. చివరి సభ ఒకటి జరపాలనుకున్నా జరగలేదు. సంస్థ నిబంధనావళిని పోస్టెల్, ఆయన న్యాయవాది ముసాయిదాల మీద ముసాయిదాలుగా రాసి అభిప్రాయాలకు పెట్టారు. తుది రూపం మాత్రం కొద్దిమంది మధ్యనే కుదిరిందని, తొలి పాలకవర్గ సభ్యుల ఎంపిక గుట్టుగా జరిగిందని అప్పుడే ఆక్షేపణలు వచ్చాయి. అవి నిరాధారం కావు. ఇంకొక మాట కూడా చెప్పాలి. ఆ గదుల తలుపులు అందరికీ తెరిచే ఉన్నాయి. కాని జెనీవా వెళ్ళడానికి చార్జీలు, ఆంగ్లంలో వాదించే నేర్పు ఉన్నవారే ఆ గుమ్మం దాటగలిగారు.

1998 సెప్టెంబరు 30న కాలిఫోర్నియాలో ఆ సంస్థ రిజిస్టరు అయింది. దాని పేరు ఐకాన్. ఐయానా పద్దు దానికి చేరాలి. పోస్టెల్ సాంకేతిక అధిపతిగా ఉంటారని అందరూ అనుకున్నారు. అక్టోబరు మొదటి వారంలో ఆయనే కాగితాలు వాణిజ్య శాఖకు సమర్పించారు.

అక్టోబరు 16న గుండె కవాటానికి జరిగిన శస్త్రచికిత్స తరువాత తలెత్తిన ఇబ్బందులతో జాన్ పోస్టెల్ లాస్ ఏంజెలిస్‌లో కన్నుమూశారు. వయసు 55 సంవత్సరాలు. ఐకాన్ వయసు 16 రోజులు. బాల్యపు బడికి చెందిన వింట్ సెర్ఫ్ ఆ మరునాటి తేదీతో సంతాపం రాశారు. అది పోస్టెల్ జీవితమంతా కాపాడిన ఆ నియమాల పత్రాల వరుసలోనే 2468వ సంఖ్యగా చేరింది. ఆటల మైదానాలలో అమెరికా పిల్లలు జేజేలు కొట్టేటప్పుడు వల్లించే అంకెలు అవే.

ఆ తరువాత

1998 నవంబరులో వాణిజ్య శాఖ ఐకాన్‌తో ఒప్పందం చేసుకుంది. మూల పట్టిక మీద అమెరికా ప్రభుత్వపు తుది పర్యవేక్షణ మాత్రం వెంటనే తొలగలేదు. ఒక దేశం పెత్తనం ఏమిటని చైనా, బ్రెజిల్, ఇండియా మొదలైన దేశాలు 2003లో జెనీవాలోను, 2005లో ట్యునిస్‌లోను జరిగిన ప్రపంచ సమాచార సమాజ సదస్సులలో ప్రశ్నించాయి. దాని ఫలితంగా ఐక్యరాజ్య సమితి ఆధ్వర్యంలో ప్రభుత్వాలు, సంస్థలు, పౌరులు సమాన హోదాలో మాట్లాడుకునే వార్షిక వేదిక ఒకటి 2006లో ఏథెన్స్‌లో ఆరంభమైంది. దాని మూడవ సమావేశం 2008 డిసెంబరు 3 నుంచి 6 వరకు హైదరాబాదులో జరిగింది. ముంబై ఉగ్రవాద దాడులు జరిగి వారమైనా గడవని రోజులవి. అయినా సభ ఆగలేదు.

2014 మార్చిలో అమెరికా తన పర్యవేక్షణ విడుచుకుంటానని ప్రకటించింది. ఏ ఒక్క ప్రభుత్వమూ ఆ స్థానంలోకి రాకూడదని షరతు పెట్టింది. రెండేళ్ళ పైచిలుకు చర్చల పిదప 2016 అక్టోబరు 1న పద్దు అన్ని పక్షాల ఉమ్మడి పర్యవేక్షణ కిందికి వచ్చింది. పోస్టెల్ కోరిక నెరవేరడానికి ఆయన పోయాక 18 సంవత్సరాలు పట్టింది. ఆ మార్పు తరువాత ఐకాన్ తొలి మహాసభ 2016 నవంబరు 3 నుంచి 9 వరకు మన హైదరాబాదులోనే జరగడం కాకతాళీయమే కావచ్చు, చెప్పుకోదగినది.

పోస్టెల్ కాలపు పేర్లన్నీ ఆంగ్ల అక్షరాలవే. ఇతర లిపులలో పేర్లు సాధ్యమైన తరువాత, 2011లో భారత్ అన్న గుర్తుకు తెలుగు, తమిళంతో సహా ఏడు లిపులలో ఆమోదం లభించింది. కన్నడం, ఒడియా మొదలైనవి ఆ పిదప వచ్చాయి. లిపులు వచ్చాక ఒక కొత్త చిక్కు ఎదురైంది. బళ్ళారి, కోలారు, పావగడ వైపు బస్సు బోర్డులు చూసేవారికి అది ఎప్పటినుంచో తెలిసినదే. తెలుగు గ, ర, ల, ద అక్షరాలను కన్నడ అక్షరాల పక్కన పెడితే తలకట్టు తేడా తప్ప పరాయివాడికి భేదం కనబడదు. మోసగాడు ఒక తెలుగు పేరును కన్నడ అక్షరాలతో నమోదు చేసుకుంటే చూసేవారికి ఎలా తెలుస్తుంది? దీనిని తేల్చడానికి తెలుగు, కన్నడం, తమిళం, ఒడియా, మలయాళం, దేవనాగరి మొదలైన తొమ్మిది లిపుల నిపుణులతో ఐకాన్ పద్ధతి ప్రకారం ఒక ఉమ్మడి సంఘం ఏర్పడింది. భాషావేత్తలు, సాంకేతికులు కలిసి కూర్చుని ఏ అక్షరం ఏ అక్షరాన్ని పోలి ఉందో ఒక్కొక్కటిగా పరిశీలించారు. ముసాయిదాను ప్రజాభిప్రాయానికి పెట్టి సవరించారు. ఆ నియమాల ప్రకారం మూల పట్టికలో ఒక తెలుగు పేరు ఒకరికి ఇచ్చిన తరువాత, దానికి మారుగా గుర్తించిన కన్నడ పేరును మరొకరికి ఇవ్వరాదు. కన్నడ పేరు ముందుగా చేరితే తెలుగు పేరుకూ అదే నిషేధం.